విషజ్వరం

వానలు మొదలైతే ద్రాక్షారామం చుట్టుపక్కల ఇంటింటా వినపడే మాట ఇది. వైరస్ వల్ల వచ్చే జ్వరానికి ఆ పేరు చక్కగా అతికింది. లాటిన్‌లో ‘వైరస్’ అంటే విషమే. మన ‘విషం’, ఆ ‘వైరస్’ ఒకే ధాతువు నుంచి పుట్టిన తోబుట్టువులు.

గరళం మింగిన దేవుడు భీమేశ్వరుడై వెలసిన ఊరిది. విషానికి విషమే విరుగుడన్న మాట ఇక్కడ కొత్త కాదు. ముదిరిన మెలనోమాకు, అంటే చర్మపు రంగుకణాల క్యాన్సర్‌కు, వైద్యులిప్పుడు వైరస్‌నే వాడుతున్నారు. పెదవి మీద పొక్కులు లేపే హెర్పిస్ వైరస్‌లోంచి రెండు జన్యువులు తీసేసి, రోగనిరోధక కణాలను రప్పించే జన్యువొకటి చేర్చి, సూదితో నేరుగా కణితిలోకే ఎక్కిస్తారు. క్యాన్సర్ కణం పగులుతుంది. దాని ఆనవాళ్లు మన ఒంటి రక్షణ కణాల కంటపడతాయి. టి-వెక్ అనే ఈ మందుకు అమెరికా 2015లో అనుమతిచ్చింది.

దీనికి ఇమ్యూనోథెరపీ, అంటే రోగనిరోధక శక్తిని ఉసిగొల్పే మందు, తోడైతే? అలాంటి మందైన ఇపిలిముమాబ్‌తో కలిపి ఇస్తే 39 శాతం మందిలో కణితులు తగ్గాయి, ఇపిలిముమాబ్ ఒక్కటే ఇస్తే 18 శాతం మందిలోనే. అలాంటిదే మరో మందు పెంబ్రోలిజుమాబ్‌తో కలిపి 692 మందిపై జరిగిన పెద్ద పరీక్షలో మాత్రం చెప్పుకోదగ్గ అదనపు మేలు తేలలేదు. దారి మంచిదే, సరైన జోడీ ఇంకా కుదరాలి.

మెలనోమా ముదరకముందే పట్టుబడాలంటే, పుట్టుమచ్చ రంగో ఆకారమో మారినా, అరికాల్లోనో గోటి కిందో కొత్తగా నల్లమచ్చ కనపడినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.