తానీషా దర్శనకథ - కథకుల కర్తవ్యము



నేడు యువరచయితలు పలువురు పురాణములనుండియు, జానపదుల నోటికథలనుండియు వస్తువును గ్రహించి నవలలు, నాటకములు వ్రాయుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయము. అయితే పరంపరాగతమైన కథపై చేయి వేయువాడు దేనిని మార్పవచ్చును, దేనిని మార్పరాదు అను ప్రశ్నకు మన పూర్వులేమి చెప్పిరో మొదట తెలిసికొనవలెను.

పదవ శతాబ్దివాడగు ధనంజయుడు తన దశరూపకమున కథావస్తువును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూడు విధములుగా విభజించెను. ఇతిహాసాదులనుండి గ్రహించినది ప్రఖ్యాతము. కవి స్వయముగా కల్పించినది ఉత్పాద్యము. రెండును కలిసినది మిశ్రము. ప్రఖ్యాతవస్తువున నాయకునకుగాని రసమునకుగాని విరుద్ధమైనది యున్నచో దానిని విడువవచ్చుననియు, వేఱుగా కల్పింపవచ్చుననియు ఆయన అనుమతించెను. మహాభారతమునందలి శకుంతలోపాఖ్యానమున దూర్వాసుని శాపము లేదు, ఉంగరము లేదు. దుష్యంతుడు ఎఱిగియు ఎఱుగనట్లు పలుకగా అశరీరవాణి సత్యమును చాటును. కాళిదాసు తన నాటకమున శాపమును, అంగుళీయకమును చేర్చి రాజునందలి దోషమును తొలగించెను. మన పింగళి సూరన కళాపూర్ణోదయ కథను తానే కల్పించెను. కావున కల్పన దోషము కాదు. మూలమును ఎఱుగక కల్పించుటయే దోషము.

ఇక మన భాగ్యనగరమునకు సంబంధించిన కథనే తీసికొందము. అబుల్ హసన్ కుతుబ్ షా 1672లో గోలకొండ సింహాసనము నెక్కెను. ప్రజలు తానీషా యని పిలిచినది ఈయననే. మాదన్న ఆయనకు ప్రధానమంత్రి. అక్కన్న మాదన్నకు సోదరుడు. 1686లో ఆ సోదరులిద్దరును హతులైరి. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. వీరి మేనల్లుడుగా ప్రసిద్ధుడైన కంచర్ల గోపన్న భద్రాచలమున రామునకు ఆలయము కట్టించి, రాజధనమును వ్యయించెనను అభియోగముపై గోలకొండ చెరసాల పాలయ్యెను.

తరువాతి ఘట్టము భక్తలోకము చెప్పుకొను కథ. రామలక్ష్మణులు బంట్ల వేషమున రాత్రివేళ తానీషా కడకు వచ్చి, ఆరు లక్షల మొహరీలు చెల్లించి రసీదు గైకొనిరట. కథకుడు దీనికై రాజపత్రములను వెదకి, కానరాలేదని దీనిని అసత్యమనరాదు. చరిత్రలో జరిగిన తేదీ యిదియని చూపను రాదు. ఈ కథ ఇన్నేండ్లుగా ఎందుకు నిలిచినదో విచారింపవలెను. పండ్రెండేండ్లు మొఱపెట్టిన భక్తునికి గాక, అతనిని చెరలో నుంచిన ప్రభువునకు ముందుగా దర్శనమయ్యెను. తనకు కనబడక తానీషాకేల కనబడితివని గోపన్న వగచెను. ఆ వగపే కథకు ప్రాణము. దానికి సమాధానముగా జనులు పూర్వజన్మవృత్తాంతములను చెప్పిరి: గోపన్న పూర్వజన్మమున ఒక చిలుకను పంజరమున బంధించెననియు, తానీషా పూర్వజన్మమున శివభక్తుడనియు.

తానీషాను కేవలము క్రూరునిగా చిత్రించిన రచయిత ఈ ప్రాణమునే తీయుచున్నాడు. క్రూరుడే యైనచో దర్శనమునకు అర్థమేమి? శ్రీరామనవమినాడు భద్రాచల కల్యాణమునకు ప్రభుత్వపక్షమున ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము ఆయననుండియే వచ్చినదని నేటికిని చెప్పుకొందురు. రెండు మతములవారు ఒకే గల్లీలో కాపురముండు ఈ పాతబస్తీయందు, చరిత్ర పేరిట వ్రాసిన ఒక్క అసత్యవాక్యము రెండిండ్ల నడుమ గోడ కట్టగలదు. ఆ గోడను పడగొట్టుటకు నూఱు గ్రంథములును చాలవు.

కావున పరిశోధించువారికి మేము చెప్పునది యిది. రెండు పుస్తకములు పెట్టుకొనుడు. ఒకదానియందు శాసనములు, తేదీలు వ్రాయుడు; రెండవదానియందు జనుల మాటలను, చెప్పినవారి ఊరితోడను, సందర్భముతోడను వ్రాయుడు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచుట మొదటి పుస్తకమునకు చెందును. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ పసుపు కుంకుమలు, పట్టుచీర సమర్పించి ఆ నదిని శాంతింపజేసెనని జనులు చెప్పుకొనుట రెండవదానికి చెందును. రెండును విలువైనవే, ఒకదానిని ఒకదానిలో కలుపరాదు. రెండింటిని బాగుగా చదివిన పిమ్మట మూడవ పుస్తకముగా మీ నవలను వ్రాయుడు.

ఆషాఢమున హరిబౌలి అక్కన్న మాదన్న మహంకాళి ఆలయమునుండి అమ్మవారి ఘటము ఏనుగుపై ఊరేగునప్పుడు, వెంట నడచు స్త్రీల పాటలను తుదివరకు వినుడు. వారి మాటను మన వ్యాకరణముతో దిద్దకుడు. బిరుదురాజు రామరాజుగారు (1925-2010) ఉస్మానియా విశ్వవిద్యాలయమున జానపదగేయములపై పరిశోధించి తెలుగున ఆ మార్గమునకు ఆద్యులైరి. పండితుడు పామరుని యెదుట శిష్యుడై కూర్చుండినప్పుడే ఆ విద్య లభించును.

వేదమున ఒక్క స్వరము తప్పినను గురువు మరల చెప్పించును. కథయందు అంతటి నిర్బంధము లేదు. అందుచేతనే కథకుని బాధ్యత అధికము. అతనిని దిద్దువాడు అతని మనస్సాక్షియే. కల్పింపుడు, కాని కల్పనను కల్పన యని గ్రంథారంభముననే చెప్పుడు. అప్పుడు చదువరి మోసపోడు, పరంపర చెడదు, దైవమును ప్రసన్నమగును.

శుభం భూయాత్.