అయస్కాంతదృష్టాంతము - చేతనప్రవృత్తి

చేతనము జడమును గదలింపఁగలదా యను ప్రశ్న దార్శనికులదే యని పలువురి తలంపు. అది వ్యాకరణమునఁ గూడఁ గలదు. అష్టాధ్యాయి తృతీయాధ్యాయ ప్రథమపాదమున నేడవ సూత్రము ఇచ్ఛార్థమున సన్ప్రత్యయమును విధించుచున్నది. ఇచ్ఛ చేతనధర్మము. అట్లైన నదీతీరము పడఁగోరుచున్నదను వ్యవహారమెట్లు పొసఁగును? క్రీ.పూ. 2వ శతాబ్దివాఁడైన పతంజలి దీనికిఁ బెక్కు సమాధానములు చూపెను. దేవదత్తుఁడు చాప యల్లఁగోరుట యతని చేతిలోని త్రాళ్లను, మేకులను జూచి తెలియును. గట్టు పడఁగోరుట పెళ్లలు రాలుటచేతను, పగుళ్లచేతను దెలియును. రెండుచోట్లను ఇచ్ఛ ప్రవృత్తిచేతనే యూహ్యము. సర్వమును జేతనావంతమే యనునది మఱియొక పక్షము. ఇనుము అయస్కాంతమువైపు సాగుట దానికి దృష్టాంతములలో నొకటి.

ఈ యినుమునే వైశేషికులు వేఱుగఁ జూచిరి. కణాదసూత్రముల యైదవ యధ్యాయము ప్రథమాహ్నికము మిక్కిలి యవధానముతోఁ జదువఁదగినది. చేయి కదలుటకు ఆత్మసంయోగమును, ప్రయత్నమును గారణములు. చేతి సంబంధమున రోకలి లేచును. కాని రోటఁబడి దెబ్బతగిలి రోకలి యెగసినపుడు దాని చలనమునకు హస్తసంయోగము కారణము కాదు. అపుడు దానితోఁగూడఁ జేయి పైకి లేచుటకు ఆత్మసంయోగమును గారణము కాదు. నిద్రించువాని కదలిక ప్రయత్నము లేకయే కలుగును. గడ్డిపోచ గాలిచేఁ గదలును. సూది యయస్కాంతమును జేరుటకు మాత్రము అదృష్టము హేతువని చెప్పిరి. ఈ తుదిమాట కారణము దొరకనిచోట నుంచిన పేరువలెఁ దోఁచును. ఐనను ఒక్క చేతియందే ప్రయత్నము ఎచట ముగిసి అభిఘాత మెచట మొదలగునో విడఁదీసిన సూక్ష్మత ప్రశంసనీయము.

సాంఖ్యులకుఁ జిక్కు వేఱు. వారి పురుషుఁడు చేతనుఁడే కాని నిష్క్రియుఁడు. ప్రకృతి క్రియావతియే కాని జడము. అతని సన్నిధిచేతనే, అయస్కాంతమువలన నినుమువలె, ప్రకృతి ప్రవర్తించునందురా? శంకరులు బ్రహ్మసూత్రభాష్యమున (2-2-7) దీనిని ఖండించిరి. అయస్కాంతసన్నిధి అనిత్యము, దానికిఁ దుడిచి శుభ్రపఱచుట మొదలగు నపేక్షయుఁ గలదు. పురుషసన్నిధి నిత్యము గావునఁ బ్రవృత్తియు నిత్యమై మోక్ష మసంభవమగును. చిత్రమేమనఁగా, ఆ పాదముననే రెండవ సూత్రమున, ప్రవృత్తిలేనిదియుఁ బ్రవర్తకము కావచ్చుననుటకు శంకరులే యయస్కాంతమును గైకొనిరి. పరమాత్మకు స్వరూపమున నౌదాసీన్యము, మాయచేఁ బ్రవర్తకత్వము అని భేదము చూపి సమన్వయించిరి. మాయ నంగీకరింపని వానికి ఈ సమాధానము చాలదు.

17వ శతాబ్దియందలి యాంధ్రుఁడు అన్నంభట్టు ఈ రెండు శాస్త్రములను నెఱిఁగినవాఁడు; తర్కసంగ్రహమును, కైయట ప్రదీపమునకు వ్యాఖ్యయును రచించెను. దీపికయందుఁ గర్త యనఁగా ఉపాదానవిషయక ప్రత్యక్షజ్ఞానము, చికీర్ష, కృతి గలవాఁడని నిర్వచించి, దానిచే నీశ్వరానుమానమును సాధించెను. వైయాకరణుల కర్త కిన్ని లక్షణములు లేవు. ధాతువు చెప్పు వ్యాపారమునకు ఆశ్రయమైనఁ జాలును. అందుచే వారి మతమున "రథము పోవుచున్నది" అనుచో రథము ముఖ్యముగనే కర్త. ఆఖ్యాతమునకుఁ గృతి యర్థమను నైయాయికులు మాత్రము అచట లక్షణ నాశ్రయింపవలసివచ్చెను.