సంతరోజు గేటు దగ్గర నిలబడ్డవాళ్లు

మన ఆశ్రమ పాఠశాలల్లో వార్షికోత్సవం జరిగిన ప్రతిసారీ ఒక మాట వినిపిస్తుంది: "గిరిజన తల్లిదండ్రులు మీటింగులకు రారండీ." బహుమతి అందుకోవడానికి అమ్మాయి స్టేజీ ఎక్కుతుంది. చప్పట్లు కొట్టేవాళ్లు ఉంటారు కానీ వాళ్ల ఇంటివాళ్లు ఉండరు. మరి ఆ మాట నిజమేనా? మన చదువుల చరిత్ర తిరగేస్తే వేరే సంగతి కనిపిస్తుంది.

మన పెద్దలకు బడి ఎప్పుడూ పరాయిది కాదు. పర్లాకిమిడిలో ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని పుస్తకాలు తయారుచేసి, బడులు నడిపించారు. ఆయన రాసిన సవర భాషా వ్యాకరణం 1931లో అచ్చయింది.

ఆదిలాబాద్ వైపు 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. 1943లో అక్కడే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. వాచకాలను గోండీ భాషలో, దేవనాగరి లిపిలో తయారుచేశారు. టీచరు మనవాడే, భాష మనదే, బడి మన ఇళ్ల మధ్యే. అలాంటి చోట తల్లిదండ్రులను ప్రత్యేకంగా పిలవాల్సిన పనేముంటుంది?

తర్వాత ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. కొండల మీద పది ఇళ్లు ఒకచోట, ఇరవై ఇళ్లు ఇంకోచోట ఉండే గూడేలన్నిటికీ బడి పెట్టలేక, పిల్లలందరినీ ఒకచోట చేర్చి తిండీ బసా చదువూ ఇచ్చారు. నాలాంటి వేలమంది ఈ హాస్టళ్లలో అన్నం తిని చదువుకున్నవాళ్లమే. ఆ మేలు మరువలేం. అయితే బడి గూడెం నుంచి దూరం జరిగినప్పుడు తల్లిదండ్రులూ బడికి దూరమయ్యారు. చేర్చేటప్పుడు వేలిముద్ర వేయడం, దసరాకీ సంక్రాంతికీ వచ్చి తీసుకెళ్లడం, అంతటితో వాళ్ల పని అయిపోయిందన్నట్టు తయారైంది.

అయినా వాళ్లు రావడం మానలేదు. ఏ హాస్టల్ వార్డెన్‌నైనా అడగండి, సంతరోజు గేటు దగ్గర ఎవరుంటారో చెబుతుంది. చింతపండో, అడ్డాకులో అమ్ముకుని, ఉప్పూ నూనే కొనుక్కుని, చేతిలో ఒక పొట్లంతో తల్లి నిలబడి ఉంటుంది. ఉడికించిన మొక్కజొన్న పొత్తులో, సీతాఫలాలో, సంతలో కొన్న కారపూసో అందులో ఉంటాయి. బిడ్డ తల నిమిరి, చిక్కిపోయావా అని చూసి, ఆటో వెళ్లిపోతుందని పరుగెడుతుంది. మన తల్లిదండ్రుల సమావేశం ఇదే. కాకపోతే ఏ రిజిస్టరులోనూ సంతకం పడదు.

మరి సభకు ఎందుకు రారు? మన వేడుకల తేదీలు చూడండి. ఆగస్టు 15 నాటికి పొలంలో నాట్లు, కలుపు. వార్షికోత్సవాలు జరిగే ఫిబ్రవరి, మార్చి నెలల్లో చింతపండు రాలే కాలం, ఆ వెంటనే ఇప్పపువ్వు. ఆ నాలుగు వారాల ఏరుబడితోనే చాలా ఇళ్లు గడవాలి. ఒకరోజు రావాలంటే కూలి పోతుంది, ఆటో ఖర్చు పైన పడుతుంది. తీరా వస్తే వెనక వరుసలో నిలబడి, అర్థం కాని భాషలో గంటల తరబడి ఉపన్యాసాలు వినాలి. కువి మాట్లాడే తల్లికి, కోయ మాట్లాడే తండ్రికి ఆ మైకులో తమ బిడ్డ పేరు ఒక్కటే తెలుస్తుంది.

చట్టం మాత్రం వాళ్లకు చోటిచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ బడుల్లో ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశాలు పెట్టారు. అయితే కాగితం మీద చోటు ఉంటే సరిపోదు, కుర్చీలో మనిషి కూర్చోవాలి.

ఇది ఎందుకంత ముఖ్యమో నా ఉద్యోగంలో చూస్తూనే ఉన్నాను. పదో తరగతి అయ్యాక ఆడపిల్లను ఇంటర్‌కు పంపాలా, పెళ్లి చేయాలా అన్నది ఇంట్లోనే తేలుతుంది. ఆ పిల్ల ఎంత బాగా చదువుతుందో కళ్లారా చూసిన తల్లి, ఆ రాత్రి ఇంట్లో నోరు విప్పి మాట్లాడగలదు. చూడని తల్లి ఏ ధైర్యంతో మాట్లాడుతుంది?

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది మీ చేతిలో పని. మీరు చదివిన బడికి వెళ్లి, వార్షికోత్సవం సంతరోజున పెట్టమని హెడ్మాస్టరుగారిని అడగండి. కమిటీలో మీ గూడెం వాళ్ల పేర్లున్నాయో లేదో చూడండి. సభలో ఒక్కరైనా మైకు పట్టుకుని జరుగుతున్నదంతా మన భాషలో చెప్పండి. ముందు వరుస కుర్చీలు అతిథులకే కాదు, ఇంటివాళ్లకూ ఉంచమనండి. వీలైతే ఆ బహుమతిని తల్లి చేతుల మీదుగానే ఇప్పించండి. సంతరోజు గేటు దాకా నడిచి వచ్చిన ఆమెకు అక్కడి నుంచి స్టేజీ ఎంతో దూరం కాదు.