పోయినవాళ్లకు కట్టిన రాతి ఇళ్లు

పోచంపల్లికి ఈశాన్యాన, భువనగిరి దాటాక, రాయగిరి చెల్కల్లో గుండ్రంగా పేర్చిన రాళ్ల వలయాలుండేవి. రాకాసి గుళ్లు అన్నారు జనం. అంతంత బండలు మనుషులు మోయలేరని వాళ్ల నమ్మకం. మోసింది మనుషులే, సుమారు మూడు వేల ఏళ్ల కింద. తాము మట్టి గోడల మధ్య, గడ్డి కప్పు కింద బతికారు. పోయినవాళ్లకు మాత్రం రాతి ఇల్లు కట్టారు.

గొయ్యి తవ్వి, నాలుగు వైపులా రాతి పలకలు నిలిపి, పైన బండ కప్పి, చుట్టూ గుండ్లు పేర్చారు. లోపల ఎముకల పక్కన ఇనప పనిముట్లు, కుండలు. కుండ మూతి నల్లగా, కింది భాగం ఎర్రగా నిగనిగలాడుతుంది. బోర్లించి కాల్చితే అలా వస్తుందంటారు. కొన్నింటి మీద గీతల గుర్తులున్నాయి. నిజాం పురావస్తు శాఖను నడిపిన గులాం యాజ్దానీ 1917లో వాటి గురించే రాశారు. రాయగిరి సమాధులు తవ్విన డాక్టర్ హంట్ వ్యాసం తర్వాత 1924లో లండన్‌లో అచ్చయింది.

అప్పటికే రాళ్లు కదలడం మొదలైంది. అరక నడవాలంటే గుండు అడ్డం. రైతు దాన్ని దొర్లించి గట్టుకు వేసుకున్నాడు. ఆకలి మీదున్నవాణ్ణి తప్పుపట్టే నోరు నాకు లేదు.

దక్షిణాన కృష్ణ ఒడ్డున ఏలేశ్వరం సమాధుల కథ వేరు. 1955లో నాగార్జునసాగర్‌కు పునాదిరాయి పడింది. నీళ్లు రాకముందే అబ్దుల్ వహీద్ ఖాన్ బృందం తవ్వకాలు జరిపి, దొరికినంత దక్కించింది. మిగతాది జలాశయం అడుగున ఉంది. ఆ నీళ్లతో లక్షల ఎకరాలు పచ్చబడ్డాయి, నిజమే. అయినా ఏలేశ్వరం పేరు వింటే గుండె బరువెక్కుతుంది.

ఇప్పుడు జరిగే నాశనానికి మాత్రం ఏ సాకూ లేదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే భూమిలేనివాళ్ల కోసం అడిగితే పోచంపల్లిలో వంద ఎకరాలు దానమిచ్చారు. ఈ చుట్టుపక్కలే నేడు నేల గజాల లెక్కన అమ్ముడుపోతోంది. వెంచర్ కోసం ప్రొక్లెయిన్ దిగితే గుండ్లు, కప్పుబండలు ఒక్క పూటలో లేస్తాయి. టిప్పరెక్కి క్రషర్‌కు చేరితే కంకరే.

కృష్ణ ఒడ్డున ముడుమాల్‌లోని ప్రాచీన నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. సంతోషమే. కానీ పేరు లేని చెల్కల్లోని సమాధులకు జాబితా లేదు, కంచె లేదు. యాజ్దానీ చూసిన గుర్తులు ఇంకెన్ని కుండల మీద ఉండేవో, పెంకులై మట్టిలో కలిశాక ఇక ఎవరు పోల్చగలరు?