ఓకే బతికిన దారి

ఓకే అన్న మాట మాదంటే మాదని చాలా జాతులు చెప్పుకుంటాయి. గ్రీకులు తమ 'ఓలా కలా'ను, ఫిన్లాండ్ వాళ్లు 'ఓయికెయా'ను, స్కాట్లాండ్ వాళ్లు 'ఆక్ ఐ'ని చూపిస్తారు. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులెవరూ చనిపోని రోజున సున్నా పక్కన 'కె' (కిల్డ్) రాసేవారని, అదే ఓకే అయిందని మరో కథ వాట్సాప్‌లో ఇప్పటికీ తిరుగుతోంది. ఆ యుద్ధం మొదలైంది 1861లో. ఓకే అప్పటికే ఇరవై ఏళ్లకు పైగా అచ్చులో ఉంది. ఈ కథల్లో చాలావాటికి తేదీల పరీక్ష ఒక్కటే చాలు.

పుట్టుక సంగతిని భాషావేత్త అలెన్ వాకర్ రీడ్ 1963, 64లలో 'అమెరికన్ స్పీచ్' పత్రికలో రాసిన వ్యాసాలతో తేల్చారు. 1838 వేసవి నుంచి బోస్టన్ పత్రికల్లో ఒక సరదా నడిచింది. మాటను కావాలని తప్పుగా రాయడం, ఆ తప్పు రాతలోని మొదటి అక్షరాలతో పొట్టి మాట కట్టడం. 'ఆల్ రైట్' (oll wright) ఓ.డబ్ల్యు. అయింది. 'నో యూజ్' (know yuse) కె.వై. అయింది. 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్‌లో సంపాదకుడు చార్ల్స్ గోర్డన్ గ్రీన్ వేసిన ఒక చమత్కారపు ముక్కలో 'ఆల్ కరెక్ట్' (oll korrect) ఓ.కె. అయింది. అంతకన్నా పాతదని తెచ్చిన సాక్ష్యాలు పరీక్షకు నిలవలేదు. 1790 నాటి టెనెసీ కోర్టు రికార్డులో ఓ.కె. ఉందని చాలాకాలం చెప్పుకున్నారు. మూలప్రతి చూస్తే అది ఓ.ఆర్., అంటే ఉత్తర్వు నమోదైందని గుర్తు. ఒక నల్లజాతి మనిషిని అమ్మిన పత్రం నమోదు అది.

ఇక్కడొక మాట చెప్పకుండా ముందుకు పోలేను. పశ్చిమ ఆఫ్రికాలోని వాలఫ్ భాషలో 'వావ్ కే' అంటే అవును అన్న అర్థముందని, బానిసలుగా వచ్చినవారి నోటి నుంచే ఓకే పుట్టిందని భాషావేత్త డేవిడ్ డాల్బీ 1960ల చివర వాదించారు. 1784లో లండన్‌లో అచ్చయిన ఒక యాత్రా గ్రంథంలో నల్లజాతి మనిషి 'కే' అని మాట్లాడినట్టుంది. రీడ్ చూపించిన గొలుసులో ప్రతి కొక్కేనికీ తేదీ ఉంది, పత్రిక పేరుంది. డాల్బీ వాదానికి ఆ బలం లేదు. కాబట్టి నేను రీడ్ వైపే నిలబడతాను. కానీ ఆ రోజుల్లో పత్రికలు ఎవరి చేతుల్లో ఉండేవో, ఎవరి మాటలు అచ్చుకు ఎక్కేవో మరిచిపోయి తీర్పు ఇవ్వకూడదు. బోస్టన్ సరదాను అందుకున్న చెవులకు అలాంటి ధ్వని ముందే పరిచయమై ఉండే అవకాశాన్ని పూర్తిగా కొట్టేయలేం.

అయితే పుట్టుక మీద ఇంత సిరా ఖర్చయిన చోట, అసలు ప్రశ్న వెనక్కి పోయింది. ఓ.డబ్ల్యు., కె.వై. లాంటి తోబుట్టువులన్నీ కొన్నేళ్లలో చచ్చిపోగా ఇదొక్కటే ఎందుకు బతికింది? 1840 అమెరికా అధ్యక్ష ఎన్నిక దాన్ని నిలబెట్టిందన్నది అందరూ చెప్పే జవాబు. అందులో పోటీచేసిన అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్‌లో పుట్టాడు. 'ఓల్డ్ కిండర్‌హుక్' అన్న ముద్దుపేరుకు పొట్టి రూపంగా అనుచరులు ఓ.కె. క్లబ్బు పెట్టి, వీధుల్లో ఆ రెండక్షరాలు అరిచారు. ఇందులో నిజం లేకపోలేదు. బోస్టన్ దాటి దేశమంతటి చెవిన పడింది అప్పుడే. కానీ వాన్ బ్యూరెన్ ఓడిపోయాడు. గెలిచిన హ్యారిసన్ వర్గం ఊరూరా మోగించిన 'టిప్పెకాను' నినాదం ఇవాళ చరిత్ర పుస్తకాల్లో తప్ప ఎక్కడా లేదు. గెలిచినవాడి నినాదమే మిగలనప్పుడు ఓడినవాడి నినాదం ఎన్నిక బలంతోనే మిగిలిందంటే నమ్మడం కష్టం.

నాకు తోచేదేమంటే, మాటను బతికించింది ఆ ఎన్నికలో పుట్టిన ఒక అబద్ధం. వాన్ బ్యూరెన్ గురువు, మాజీ అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌కు అక్షరాలు సరిగా రావని, కాగితాల మీద తప్పుల తడకగా 'ఆల్ కరెక్ట్' అనుకుంటూ ఓ.కె. అని రాసేవాడని గిట్టనివాళ్ల పత్రికలు రాశాయి. జాక్సన్ స్పెల్లింగు గొప్పదేమీ కాదు. అయినా లాయరుగా, జడ్జిగా పనిచేసిన మనిషి. ఆయన అలా రాసినట్టు ఒక్క కాగితమూ దొరకలేదు. కానీ ఆ కథ వల్ల ఓకేకు ఒక చోటు దొరికింది: కాగితం అంచు. సరిచూశాను, పంపవచ్చు అని చెప్పడానికి గుమాస్తాకు ఇంత పొట్టి గుర్తు ఇంకోటి లేదు. భాషావేత్త అలన్ మెట్‌కాఫ్ 2010లో ఓకే మీద రాసిన పుస్తకంలో ఈ కథకు ప్రాముఖ్యం ఇచ్చారు. నేను దానికి టెలిగ్రాఫును కలుపుతాను. 1844లో మోర్స్ వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు సందేశం పంపాక తీగలు దేశమంతా పాకాయి. అవతలి ఆఫీసు 'అందింది, సరిగ్గా ఉంది' అని చెప్పేదాకా సందేశం చేరినట్టు కాదు. ఆ జవాబు ఓ.కె. అయింది. 1860ల నాటికి టెలిగ్రాఫు శిక్షణ పుస్తకాల్లోనే అది నియమంగా కనిపిస్తుంది. మధ్య పదిహేనేళ్లకు సాక్ష్యం పలచనే. అయినా సరదాగా పుట్టిన మాటకు పని దొరకడమే దాని ఆయుష్షుకు కారణమని నా నమ్మకం. తోబుట్టువులకు అలాంటి పని దొరకలేదు.

సాహిత్యం మాత్రం దాన్ని చాలాకాలం గుమ్మం బయటే నిలబెట్టింది. లూయిజా మే ఆల్కాట్ 'లిటిల్ విమెన్' మొదటి ప్రచురణలో ఎమీ పాత్ర ఉత్తరంలో రాసిన ఓకేను 1880ల ప్రచురణలో తీసేసి, పెద్దమనిషి తరహా మాట పెట్టారు. ఇరవయ్యో శతాబ్దంలో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ అది అమెరికా ఆదివాసుల చాక్టా భాష మాటని నమ్మి 'ఓకే'ను వేరే స్పెల్లింగుతో ఫైళ్ల మీద రాసేవాడు. వ్యుత్పత్తి తప్పయినా మాటకు గౌరవం మాత్రం వచ్చింది.

తర్వాత అర్థాలు విచ్చుకున్నాయి. సినిమా ఎలా ఉందంటే 'ఓకే': బాగుందని కాదు, బాలేదనీ కాదు. ఫోను సంభాషణ ముగింపు మీద సామాజికవేత్తలు షెగ్లాఫ్, శాక్స్ 1973లో రాసిన వ్యాసం, 'ఓకే' అన్నది ఒప్పుకోవడం మాత్రమే కాదని, ఇక పెట్టేద్దామన్న సూచన కూడా అని చూపించింది. మన దగ్గర షాట్ ఓకే అవుతుంది, సంబంధం ఓకే అవుతుంది, వీసా ఓకే అవుతుంది. ఈ వాడుకల్లో తనిఖీ వాసన ఇంకా ఉంది: ఎవరో చూశారు, సరేనన్నారు. వీటి మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ 'అలాగేనండి'లో ఉన్న మర్యాద, 'సరేలే'లో ఉన్న అయిష్టం, 'మంచిది'లో ఉన్న పెద్దరికం, 'ఊఁ'లోని చనువు అన్నిటి మీదా ఒకే ఓకే పరచుకోవడం నష్టమే. ఎదుటివాళ్లు ఒప్పుకున్నారో, ఓర్చుకున్నారో చెప్పే తేడా పోతుంది.

అంతకన్నా పెద్ద నష్టం తెర మీద జరిగింది. 1983లో వచ్చిన ఆపిల్ లీసా కంప్యూటర్‌ను తయారు చేస్తున్నప్పుడు బటన్ మీద మొదట 'డూ ఇట్' అని పెట్టారు. రెండు మాటలూ కలిపి రాయడంతో, పరీక్షకు పిలిచినవాళ్లలో కొందరు దాన్ని 'డోల్ట్' అని, అంటే మందమతి అని చదివారు. దాంతో ఓకే పెట్టారు. అక్కణ్నుంచి ప్రపంచంలోని ప్రతి తెర మీదికీ వచ్చింది. బోస్టన్ పత్రికలోనూ, గుమాస్తా కాగితం మీదా, టెలిగ్రాఫు తీగ మీదా ఓకే అంటే నేను సరిచూశాను అని. ఇవాళ బ్యాంకు యాప్‌లో పేజీలకొద్దీ షరతుల కింద మనం నొక్కే ఓకేకు ఆ అర్థం లేదు; చదవలేదన్న సంగతి నొక్కినవాళ్లకూ తెలుసు, నొక్కించుకున్నవాళ్లకూ తెలుసు. మన దేశం 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలంటోంది. చదవకుండా నొక్కిన ఓకే ఆ మూడింటిలో దేనికీ నిలవదు. దాన్ని సమ్మతిగా లెక్కకట్టడం మానేయాలి.