ఎర్రమచ్చ కథ

మనం పుట్టుమచ్చ అంటాం, కన్నడిగులు హుట్టుమచ్చె అంటారు. పకారం హకారమైంది, అంతే. కాని పసిబిడ్డ నుదుటిమీదో చెంపమీదో రక్తం చిమ్మినట్టు ఉబికే ఎర్రమచ్చకు ఆ పేరు సరిగా అతకదు. చాలామంది బిడ్డల్లో అది పుట్టిన రెండు మూడు వారాలకు గాని బయటపడదు. వైద్యులు దాన్ని హెమాంజియోమా అంటారు.

వేవిళ్ల కోరిక తీరలేదనో, గ్రహణం నాడు బయటికొచ్చిందనో తల్లిని తప్పుపట్టడం మన ఇళ్లలో ఉన్నదే. ఇది మన ఒక్కరి పాపం కాదు. ఇటాలియన్ భాషలో పుట్టుమచ్చను ‘వోలియా’ అంటారు. ఆ మాటకు అర్థమే కోరిక!

1863లో జర్మనీ వైద్యుడు ఫిర్కో ఈ గడ్డలను సూక్ష్మదర్శిని కింద చూసి వర్గీకరించాడు. తల్లికి విముక్తి దొరికిందేమో గాని బిడ్డకు దొరకలేదు. కాల్చారు, కోశారు, ఆపైన రేడియం వచ్చింది. ఒక్క స్టాక్‌హోంలోనే 1920-59 మధ్య 14 వేలమందికి పైగా పసిపిల్లలకు రేడియం పెట్టారు. దశాబ్దాల తర్వాత లెక్క తీస్తే, వారిలో రొమ్ము క్యాన్సర్ మామూలుకన్నా ఎక్కువగా కనబడింది.

అందులో చాలా మచ్చలు వాటంతటవే తగ్గిపోయేవే. ఆ సంగతి తేల్చినవాడు లిస్టర్. క్రిమిసంహారక శస్త్రచికిత్సకు పేరుపడ్డ లిస్టర్ కాదు, మరొకాయన. మన వాణీవిలాస ఆసుపత్రి తెరిచిన మూడేళ్లకు, 1938లో, ఆయన వ్యాసం లాన్సెట్‌లో వచ్చింది. 77 మంది పిల్లలు, 93 మచ్చలు. ఆయన చేసినదల్లా కనిపెట్టి చూడడం, రాసుకోవడం. మొదటి నెలల్లో పెరుగుతాయి, ఆగుతాయి, తర్వాత ఏళ్ల తరబడి మెల్లగా వాడిపోతాయి. లెక్కల మనిషిని గనుక నాకు ఈ కథలో బాగా నచ్చినవాడు ఈయనే. అయినా రేడియం మరో ఇరవై ఏళ్లు ఆగలేదు.

1982లో బోస్టన్‌లో మల్లికెన్, గ్లొవాకి మరో చిక్కు విప్పారు. పెరిగి తగ్గే గడ్డ వేరు, పుట్టుకతో వచ్చి జన్మాంతం నిలిచే ద్రాక్షసారా రంగు మచ్చ వేరు. రెండోదాన్ని ‘అదే పోతుందిలే’ అని వదిలేస్తే లాభం లేదు.

2008లో వెలువడిన నివేదిక ప్రకారం, ఫ్రాన్సులోని బోర్డో నగరంలో ముక్కుమీద ఎర్రగడ్డ ఉన్న ఒక బిడ్డకు, స్టెరాయిడ్ల వల్ల గుండె దెబ్బతింటే, డాక్టర్ లెయోతే-లాబ్రెజ్ బృందం ప్రొప్రనొలాల్ ఇచ్చింది. మర్నాటికే గడ్డ రంగు మారి మెత్తబడింది! కంటికి అడ్డొచ్చే, ఊపిరికి అడ్డుపడే, పుండయ్యే మచ్చలకు నేడు అదే ముఖ్యమైన మందు. బిడ్డ గుండె పరీక్షించి, బరువునుబట్టి వైద్యులే ఇవ్వాలి. అలాంటి మచ్చను తొలి వారాల్లోనే చూపించాలి. మిగిలినవాటికి చాలావరకు లిస్టర్ పద్ధతే.