శ్రీలంకలో మిలిటెంట్ సంస్థల ఆవిర్భావం: చదువు, భాష, ఉద్యోగం

ఉపోద్ఘాతం

శ్రీలంకలో ఉగ్రవాదం అనగానే ఎల్‌టీటీఈ పేరే స్ఫురిస్తుంది. అయితే స్వతంత్ర శ్రీలంకలో ప్రభుత్వంపై తొలి భారీ సాయుధ తిరుగుబాటు చేసినవారు తమిళులు కాదు, దక్షిణాది సింహళ యువకులు. పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు ఉద్యమాలకు మూలమైన సామాజిక స్థితిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చదువు పెరిగినా దొరకని ఉద్యోగం

1940లలో సి.డబ్ల్యు.డబ్ల్యు. కన్నంగర చొరవతో ఉచిత విద్య అమలులోకి వచ్చింది. గ్రామీణ యువత మాతృభాషలో చదువుకున్నది. తేయాకు, రబ్బరు, కొబ్బరి ఎగుమతులపై ఆధారపడిన ఆర్థిక వ్యవస్థ వారికి తగిన ఉద్యోగాలను సృష్టించలేకపోయింది. 1956 నాటి అధికార భాషా చట్టం సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేసింది. ఆ చట్టం తమిళులకు ప్రభుత్వోద్యోగాలను దూరం చేసింది. సింహళ గ్రామీణ యువతకు ఆశ కల్పించింది గాని, ఇంగ్లీషు వచ్చిన నగర వర్గాల ఆధిక్యాన్ని తొలగించలేదు.

దక్షిణాది తిరుగుబాట్లు

ఈ అసంతృప్తి నుండే రోహణ విజేవీర నాయకత్వంలో జనతా విముక్తి పెరమున (జేవీపీ) రూపొందింది. 1971 ఏప్రిల్‌లో ఆ పార్టీ యువకులు పోలీస్ స్టేషన్లపై దాడులు చేశారు. సిరిమావో బండారనాయకే ప్రభుత్వం భారతదేశంతో సహా పలు దేశాల సహాయంతో తిరుగుబాటును అణచివేసింది. 1977లో విడుదలైన విజేవీర ఎన్నికల బాట పట్టాడు. 1983లో పార్టీపై విధించిన నిషేధం దానిని మళ్లీ అజ్ఞాతంలోకి నెట్టింది. 1987–89లో రెండవ తిరుగుబాటు మరింత రక్తసిక్తంగా సాగింది.

ఉత్తరాది పరిణామాలు

1970ల ఆరంభంలో విశ్వవిద్యాలయ ప్రవేశాలకు ‘ప్రామాణీకరణ’ విధానం వచ్చింది. ఒకే కోర్సులో సీటుకు తమిళ మాధ్యమ విద్యార్థులు సింహళ మాధ్యమం వారికన్న ఎక్కువ మార్కులు సాధించవలసి వచ్చింది. 1976లో వేలుపిళ్లై ప్రభాకరన్ ఎల్‌టీటీఈని స్థాపించాడు. 1981లో జాఫ్నా గ్రంథాలయ దహనం, 1983 జూలైలో తమిళులపై జరిగిన హత్యాకాండ వేలాది యువకులను ఆయుధాల వైపు మళ్లించాయి.

సొంత సమాజంపైనే హింస

రెండు సంస్థలూ తమ సమాజాల్లోని భిన్నాభిప్రాయాన్ని సహించలేదు. జేవీపీ సింహళ వామపక్షీయులను చంపింది. ఎల్‌టీటీఈ 1986లో టెలో అనే తోటి తమిళ సంస్థను నిర్మూలించింది. 1989లో పార్లమెంటరీ నాయకుడు అమృతలింగాన్ని హతమార్చింది. చర్చలు జరపగలిగినవారు ఈ విధంగా కనుమరుగయ్యారు.

ముగింపు

1989లో విజేవీర, 2009లో ప్రభాకరన్ మరణించారు. తరువాత జేవీపీ ఎన్నికల రాజకీయాల్లోకి వచ్చి, 2024లో ఆ పార్టీ నాయకుడు అనుర కుమార దిసనాయకే దేశాధ్యక్షుడయ్యాడు. అధికార భాష మాట్లాడే మెజారిటీ యువతకు తిరిగి రావడానికి ఒక రాజకీయ మార్గం మిగిలింది. తమిళులు కోరిన అధికార వికేంద్రీకరణ మాత్రం 1987 నాటి 13వ రాజ్యాంగ సవరణ తరువాత కూడా అసంపూర్ణంగానే ఉంది. సైనిక విజయం సంస్థను అంతం చేయగలదు. దానికి జన్మనిచ్చిన ప్రశ్నకు సమాధానం చెప్పలేదని శ్రీలంక చరిత్ర తెలియజేస్తున్నది.